నెబ్బియోలో వగరు

నోటిని ఎండగట్టే ఆ రుచిని మీ భాషలో ఏమంటారని ఇటలీ మేస్త్రి ఒకరోజు నన్నడిగాడు. వగరు అన్నాను. దానికి విడిగా ఒక మాట ఉన్నందుకే ఆయన మెచ్చుకోలుగా తల ఊపాడు. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదులతో సమానంగా దాన్ని కూడా ఒక రుచిగా లెక్కపెడతామని, ఉగాది నాడు మామిడి పిందె ముక్కలు వేసుకుని మరీ తింటామని చెప్పాక చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు.

"అయితే మా వైన్ మీకు సగం తెలిసినట్టే" అన్నాడు.

నాకు అప్పటికి వైన్ గురించి ఏమీ తెలియదు. తాగడం మాట అటుంచి, దగ్గరగా చూసింది కూడా లేదు. డెబ్బైల తొలి సంవత్సరాలవి. బెజవాడలో ఒక దినపత్రిక డెస్కు మీద పనిచేస్తూ ఉండగా, ఇంగ్లీషు రాయడం వచ్చిన మనిషి కావాలంటే ఒమన్‌లో రోడ్డు వేస్తున్న ఒక ఇటలీ కంపెనీలో టైమ్‌కీపర్‌గా చేరాను. మత్రా రేవు వైపు నుంచి వాయవ్యంగా, సముద్రం పక్కనే సాగే రోడ్డు అది. మా క్యాంపు ఖబూరా దగ్గర. ఒక పక్క ఖర్జూర తోటలు, నిమ్మతోటలు, వాటి వెనక సముద్రం. ఇంకో పక్క గులకరాళ్ల మైదానం, దాని చివర చెట్టన్నది లేని కొండలు. పొద్దున్నే ఆ కొండలు వంకాయ రంగులో ఉండేవి. ఎండ ఎక్కేకొద్దీ రంగంతా పోయి, బూడిద కుప్పల్లా మిగిలేవి.

మేస్త్రి అని మేమంతా పిలిచిన ఆ మనిషి కంపెనీలో ఫోర్‌మన్. వానొస్తే పొంగే వాగుల మీద కల్వర్టులు కట్టించే పని. నలభై దాటిన మనిషి, పొట్టిగా, మెడ లేనట్టు ఉండేవాడు. రాయిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తే, అది గోడలో ఎక్కడ కూర్చుంటుందో ఆయనకు తెలిసిపోయేది. ఇటలీ ఉత్తరాన కొండల్లో వాళ్ల ఊరు. కొద్దిగా ఇంగ్లీషు, సైట్‌లో మనవాళ్ల దగ్గర పట్టుకున్న హిందీ కలిపి మాట్లాడేవాడు.

ఇటలీవాళ్ల మెస్‌లోనే నాకూ భోజనం. దాన్ని ఇద్దరు మన మనుషులు నడిపేవారు. వంట చేసేది కడప నుంచి వచ్చిన సాయిబు. హైదరాబాదు వాళ్లతో ఉర్దూలో, మాతో తెలుగులో మాట్లాడేవాడు. వడ్డించేది జగిత్యాల వైపు మనిషి. ఊళ్లో తాటిచెట్లు గీసి కల్లు అమ్మినవాడు. ఇక్కడ పొద్దుటి పూట తారు గ్యాంగులో డ్యూటీ, మధ్యాహ్నం నుంచి మెస్‌లో డ్యూటీ. సాయిబు ఆయన్ని మామా అని పిలిచేవాడు. ఆయన సాయిబుని భాయ్ అనేవాడు.

వైన్ ఇటలీవాళ్ల భోజనంలో భాగం. దానికి కంపెనీ పర్మిట్ తీసుకుంది. మెస్ గడప దాటి చుక్క కూడా బయటికి పోకూడదు. సాయిబు సీసాని ముట్టుకునేవాడు కాదు, గ్లాసులు కూడా కడిగేవాడు కాదు. కాబట్టి పొయ్యి సాయిబుది, సీసా మామది. ఈ పంపకం ఎవరూ చెప్పకుండానే జరిగిపోయింది. ఇద్దరూ దాన్ని గట్టిగా పాటించేవారు.

వగరు సంగతి తెలిశాక శుక్రవారం భోజనాల దగ్గర మేస్త్రి నాకు ఒక్కో సంగతీ చూపించడం మొదలుపెట్టాడు. అప్పుడు మెస్‌లో ఉన్నది మామూలు ఎర్ర వైన్. గడ్డి అల్లిక చుట్టిన పెద్ద సీసాల్లో ఓడ మీద వచ్చేది. ఖబూరా ఒడ్డున ఆ ఉదయమే దిగిన చేపను సాయిబు వేయించి తెచ్చాడు. ఒక ముక్క తిని ఒక గుక్క తాగమన్నాడు మేస్త్రి. నోట్లో తుప్పుపట్టిన మేకు పెట్టుకున్నట్టయింది. ఖర్జూరం తిని తాగాను. అదే వైన్ పచ్చి చింతకాయలా పుల్లగా తగిలింది. తర్వాత సాయిబు తన కడప మాంసం కూర పెట్టాడు. ఎండుమిరప నూరి వేసిన ఆ కూర ఒక్కటే అయితే కన్నీళ్లు పెట్టుకుంటూనైనా గిన్నె ఖాళీ చేసేవాళ్లం. దాని మీద వైన్ పడేసరికి కాలిన చోట గరుకు గుడ్డ పెట్టి రుద్దినట్టు నోరంతా మండింది. మేస్త్రి నా మొహం చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. సాయిబుకి మాత్రం నవ్వు రాలేదు. తప్పు వైన్‌దే గాని కూరది కాదని ఆ రోజంతా వాదించాడు.

చివరికి మేస్త్రి ఆవు పాల గట్టి చీజ్ ఒక ముక్క, కొవ్వున్న మేక మాంసం ఒక ముక్క, రెండూ కారం లేనివి, నా ముందు పెట్టాడు. ఆ గుక్క నాకు ఇప్పటికీ జ్ఞాపకం ఉంది. నాలుకను పీక్కుతిన్న వగరు ఎక్కడికి పోయిందో తెలియలేదు. మాంసం జిడ్డూ పోయింది. రెండూ ఒకదాన్నొకటి సరిచేసుకుని, మిగిలినదేదో పండు వాసన వేస్తూ గొంతులోకి దిగింది. వగరు ఊరుకోదు, నోట్లో ఏదో ఒకదాన్ని పట్టుకుంటుంది, మాంసం ఇవ్వకపోతే నీ నాలుకనే పట్టుకుంటుంది అని ఆయన వివరించాడు. తిండి లేకుండా వైన్ తాగడం వాళ్ల ఊళ్లో తెలివితక్కువ పని కిందే లెక్కట.

ఇది దాహానికి తాగే వైన్ మాత్రమేనని, తమ కొండ ద్రాక్ష వేరని అప్పుడే చెప్పాడు. దాని పేరు నెబ్బియోలో. మిగిలిన ద్రాక్షలన్నీ కోసేశాక, కొండల మీదికి పొగమంచు దిగే రోజుల్లో అది పండుతుంది. రంగు పల్చన, వగరు మాత్రం రాక్షసం. కొత్తలో ఎవరూ తాగలేరు. పీపాలో, తర్వాత సీసాలో ఏళ్ల తరబడి పెట్టాలి. నేల మంచిదైతే, ఏటవాలు సరైనదైతే ఆ వగరు నెమ్మదిగా మెత్తబడి అందులోంచి ఇంకేదో బయటికి వస్తుంది. లేకపోతే వగరు వగరుగానే ఉండి, పండు చచ్చిపోతుంది. ఏది జరిగిందో సీసా తీసేదాకా చేసినవాడికి కూడా తెలియదు. ఆ ఇంకేదో ఏమిటని అడిగాను. చెప్పడానికి ప్రయత్నించి, ఇంగ్లీషూ హిందీ రెండూ చాలక ఊరుకున్నాడు.

ఆ అక్టోబరులో, ఎండలు ఇంకా తగ్గకముందే, సెలవు మీద ఇటలీ వెళ్లిన డ్రైవరు ఒకతను తిరిగి వచ్చాడు. వస్తూ మేస్త్రికి ఒక సీసా, ఒక కబురు తెచ్చాడు. సీసా మేస్త్రి చెల్లెలు ఇచ్చింది. దాదాపు పదేళ్ల కిందట వాళ్ల నాన్న చేసిన నెబ్బియోలో అది. ఆ ఏటి వైన్‌లో మిగిలింది అదొక్కటే. నాన్న పోయి ఏడాది అయింది. కబురు తమ్ముడి దగ్గర నుంచి. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఆ తమ్ముడు తోటకు బేరం కుదిర్చాడు. కొనేవాడు తీగలన్నీ పీకించి అక్కడ ఇల్లు కట్టుకుంటాడు. ఇద్దరన్నదమ్ములూ ఒప్పుకుంటేనే అమ్మకం. వచ్చే ఆదివారంలోగా అవునో కాదో టెలిగ్రాం కొట్టాలి. అప్పటికి జవాబు రాకపోతే బేరం పోతుంది, ఆ తర్వాత తమ్ముడు మేస్త్రి మొహం చూడడు.

మర్నాడు సైట్‌లో గోడ నీడన కూర్చున్నప్పుడు మేస్త్రి నాకు మిగతాది చెప్పాడు. ఆ తోట కొండకు తూర్పు వాలులో ఉంది. సాయంత్రపు ఎండ తగలదు. అటువైపు వైన్ నిలవదని ఊరంతా అంటుంది. నాన్న ఒక్కడే నిలుస్తుందనేవాడు. పెద్దకొడుకుగా తనే ఆయనతో కలిసి ఆ వాలు మీద రాతి కట్టలు కట్టాడు. కట్టినంత కాలం కట్టి, ఒకరోజు, చచ్చిన నేల మీద నా వయసంతా ధారపోయించావని నాన్న మొహం మీదే అని ఇల్లు వదిలి వచ్చేశాడు. ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్య మాటలు లేవు. ఆయన పోయినప్పుడు మేస్త్రి ఇక్కడే వాగులో పునాదులు తీయిస్తున్నాడు.

"సీసా చెబుతుంది. బతికి ఉంటే సంతకం పెట్టను. చచ్చి ఉంటే తమ్ముడిదే నిజం, అమ్మేస్తాను" అన్నాడు.

పత్రికలో పనిచేసిన బుద్ధి నాది. ఇంత పెద్ద నిర్ణయం ఒక్క గ్లాసు మీద పెట్టడమేమిటని అడిగాను. మా నాన్న ఇంకో సాక్ష్యం వదిలి వెళ్లలేదు అన్నాడాయన.

విమానంలో, తర్వాత జీపులో కుదుపులు తిని వచ్చిన సీసా అది. పాత వైన్ అడుగున మడ్డి పేరుకుంటుందని, అది కలిస్తే చేదుగా, గరగరలాడుతూ ఉంటుందని, అందుకే నిలబెట్టి కొన్నాళ్లు కదపకూడదని మేస్త్రి చెప్పాడు. శుక్రవారం దాకా ఉంచుదామన్నాడు. ఆయన గదిలో ఏసీ ఉంది గాని, జనరేటర్ మధ్యాహ్నం ఆపేస్తే గది పొయ్యి అయ్యేది. చల్లని చోటు మామ చూపించాడు. నీళ్ల ట్యాంకు కింద, ఎప్పుడూ ఎండ సోకని మూల ఇసుక తవ్వి, సీసాని మెడ దాకా పాతి, గోనెపట్టా కప్పి, పూటపూటా తడిపేవాడు. డ్యూటీకి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి వంగి చూసుకునేవాడు. మడ్డి మాట మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు. మేస్త్రి నాకు చెప్పాడు, ఇసుక తడపడం మామ చూసుకుంటున్నాడు కదా అని నేను వేరే పనిలో పడ్డాను.

వంట సంగతి వేరే పెద్ద చర్చ అయింది. తమ ఊళ్లో అయితే ఎద్దు మాంసాన్ని అదే వైన్ పోసి పూటంతా ఉడికిస్తారని మేస్త్రి అన్నాడు. వైన్ గిన్నెలో పడితే తాను గరిటె పట్టనని సాయిబు అన్నాడు. ఇద్దరి మధ్య నేను అటు మాట ఇటు చేరవేస్తూ, చివరికి ఒక ఒప్పందానికి తెచ్చాను. మేక తొడ, మూలుగ ఎముకలతో సహా. ఉల్లిపాయలు, దాల్చినచెక్క, నాలుగు మిరియాలు. నీళ్లకు బదులు మాంసం తన కొవ్వులో తనే ఉడకాలి. గిన్నె మూతకు పిండి మెత్తి, బొగ్గుల మీద తెల్లవారుజాము నుంచి పెట్టాలి. మిరపకాయ మాత్రం ఒక్కటి కూడా పడకూడదు. సాయిబు ఒప్పుకున్నాడు గాని, ముఖం మాడ్చుకున్నాడు.

"అన్నా, కారం లేకుండా ఈ చేత్తో మాంసం వండినానని కడపలో తెలిస్తే మా నాయన బజార్లో తలెత్తుకోని తిరగలేడు. నువ్వెవురికీ చెప్పాకు" అన్నాడు నాతో.

శుక్రవారం వచ్చింది. సాయిబు ఖబూరా మసీదులో నమాజు చేసుకుని వచ్చి గిన్నె దింపాడు. మెస్ వెనక ఖర్జూరపు మట్టల పందిరి కింద బల్ల వేశారు. మిగిలిన ఇటలీవాళ్లు ఆ రోజు సముద్రం ఒడ్డుకు వెళ్లారు. మేస్త్రే వాళ్లను పంపించాడని నా అనుమానం. ఆయన ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని వచ్చాడు. పెళ్లిచూపులకు వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు.

మామ సీసాని ఇసుకలోంచి తీసి, పంచెతో తుడిచి, రెండు చేతులా పట్టుకుని తెచ్చాడు. బల్ల దగ్గర ఆగాడు. కుడిచేత్తో మెడ, ఎడమచేత్తో అడుగు పట్టుకుని, మణికట్టు తిప్పుతూ చక్కగా, బలంగా, మూడునాలుగుసార్లు ఊపాడు. ఏళ్ల తరబడి చేసిన మనిషి ఊపు అది. ఊపి, మేస్త్రి ముందు పెట్టాడు.

మేస్త్రి సగం లేచి అలాగే ఉండిపోయాడు. సీసాని పైకెత్తి ఆకాశం వైపు పెట్టి చూశాడు. ఆకుపచ్చ గాజు లోపల బురదనీళ్లు తిరుగుతున్నట్టుంది.

ఎందుకు ఊపావని నేనడిగాను. మామ ఆశ్చర్యపోయాడు.

"గదేంది సారు, కదిలియ్యకుంట పోస్తరా? బలమంత అడుగుకు దిగి ఉంటది. పైపై తేట పోసి ఇచ్చుడంటె మోసం జేసినట్టే గదా. లొట్టి ఒంపేముంగట కదిలిచ్చుడు మా తాతల కాన్నుంచి ఉన్నది. మేస్త్రి సారుకు వాళ్ల నాయిన ఇచ్చింది, అందుకనే మంచిగ కదిలిచ్చిన."

లొట్టి అంటే కల్లు కుండ. అది నేను మేస్త్రికి వివరించాల్సి వచ్చింది. మాటలు కూడబలుక్కుని చెప్పాను. ఆయన విన్నాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా చోటు లేని సంగతి అది. మర్యాద చేయాలనే మామ అలా చేశాడు. మడ్డి గురించి నేను చెప్పాక మామ చేతులు కిందికి వాలిపోయాయి. సాయిబు ఊరుకోలేదు.

"వారమంతా ఇసక తడిపి తడిపి, ఆఖర్న దాని మెడ పట్టుకోని ఊపితివి కద మామా. చెట్టు మీద ఉండేటోనికి నేల మీద పన్లు ఎందుకప్పా?"

మామ పంచె అంచుకు అంటిన ఇసుక దులుపుకున్నాడు. ఎప్పుడూ ఒకటికి రెండు అప్పగించే మనిషి.

మళ్లీ నిలబెట్టడానికి వ్యవధి లేదు. రేపు మత్రా వెళ్లి టెలిగ్రాం ఇవ్వాలి. మేస్త్రి తెరవండి అన్నట్టు చెయ్యి ఊపాడు. సాయిబు లోపలికి వెళ్లి, మసాలా మూట కట్టడానికి ఉంచుకున్న కొత్త మల్లుగుడ్డ, ఉతికి ఆరేసింది, తెచ్చి దూరం నుంచే మామకు అందించాడు. ఎనామిల్ జగ్గు మీద గుడ్డ పరిచారు. నేను పట్టుకున్నాను. మామ పోశాడు.

దగ్గరగా పెట్టి పోస్తాడనుకున్నాను. ఆయనకు అలవాటైంది వేరు. సీసాని మూరెడు ఎత్తుకు లేపి, దారంలాంటి సన్నని ధార, తెగకుండా, చిందకుండా వదిలాడు. కల్లు దొప్పలోకి అలాగే ఒంపేవాడట. ఆ ధార గుడ్డ మీద పడి, ఊరి, చుక్కలు చుక్కలుగా జగ్గులోకి దిగింది. గుడ్డ మీద ఎర్రటి బురద మిగిలింది. ఇలా పోస్తున్నంతసేపూ మేస్త్రి అటు చూడలేదు. కొండల వైపు తిరిగి కూర్చున్నాడు.

గ్లాసులో పోసి ఇచ్చాను. ఇంకా కొంచెం మసకగానే ఉంది. ఆయన వాసన చూశాడు. ఒక గుక్క నోట్లో తిప్పి మింగాడు. నేనూ తాగాను. తడిగుడ్డ వాసన, దుమ్ము, ఆ వెనక నోరంతా బిగదీసే వగరు. పండు లేదు, ఏమీ లేదు.

మేస్త్రి గ్లాసు పక్కకు జరిపాడు. "చచ్చిపోయింది" అన్నాడు. రేపు తనతో మత్రా రమ్మని, అమ్మమని టెలిగ్రాం ఇంగ్లీషులో నన్ను రాసివ్వమని అడిగాడు. సరేనన్నాను.

గిన్నె మూత తీశారు కాబట్టి తినక తప్పదు. పిండి పగలగొట్టగానే వచ్చిన ఆవిరికి పందిరి కింద గాలే మారిపోయింది. మాంసం ఎముకను వదిలేసి, గరిటె తగిలితే విడిపోతోంది. మేస్త్రి తలొంచుకుని తిన్నాడు. మంచి వంట అని సాయిబుతో అన్నాడు గాని, గ్లాసు ముట్టుకోలేదు. సాయిబు, మామ పక్కన నేల మీద కూర్చుని తిన్నారు. కారం లేదని సాయిబు ఒక పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తిన్నాడు. సముద్రం మీంచి గాలి మొదలైంది.

చాలాసేపటికి, తన పళ్లెం ఖాళీ చేసి లేచి, మామ బల్ల మీది జగ్గు చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని ఆగాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. జగ్గు కింద పెట్టి తన చేతులు వాసన చూసుకున్నాడు. గోళ్లు చూసుకున్నాడు. మళ్లీ జగ్గు. ఆయన ముఖం ఇందాకటి కంటే పాలిపోయింది. నా చెవి దగ్గరికి వచ్చి చాలా చిన్నగా అన్నాడు.

"సారు, దీంట్ల తారు వాసనొస్తంది. పొద్దుగాల సబ్బుతోని రెండుసార్లు కడుక్కున్న, ఒట్టు. నా చేతులది గాదు."

ఉన్నదాన్ని పూర్తిగా పాడుచేశానని ఆయన భయం. దాచడం ఎందుకని నేను అదే మేస్త్రికి చెప్పాను. తారు వాసన వస్తోందంటున్నాడు, తన చేతుల వల్లనేమోనని భయపడుతున్నాడు అన్నాను.

మేస్త్రి నమలడం ఆపేశాడు. "ఏమన్నాడు?" అని మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. ఆయన జగ్గు లాక్కుని ముఖమంతా అందులో పెట్టినట్టు వంగాడు. వంగినవాడు పైకి లేవలేదు. ఎంతసేపో తెలియదు. సాయిబు కూడా తినడం మాని చూస్తున్నాడు.

తర్వాత మా ఇద్దరి గ్లాసుల్లో ఉన్నది పారబోసి, జగ్గులోంచి కొత్తగా పోశాడు.

అప్పుడు నేను చూసినదాన్ని ఉన్నది ఉన్నట్టు రాయడానికి తర్వాత ఎన్నోసార్లు ప్రయత్నించాను. మసక చాలావరకు అడుగుకు దిగింది. రంగు నేననుకున్న ఎరుపు కాదు. అంచున పాత ఇటుక రంగు, మధ్యలో దానిమ్మ గింజ. ఆ గ్లాసు వెనక దినపత్రిక పెడితే చిన్న అక్షరాలు కూడా చదవొచ్చు, అంత పల్చన. ఇంత పల్చని దాంట్లో ఏముంటుందని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ముందు తారు. సైట్‌లో డ్రమ్ముల్లో కాగే మంట వాసన కాదు. వేసి చల్లారిన రోడ్డు మీద మొదటి వాన పడితే లేచే వాసన. అది పోనిచ్చి మళ్లీ చూస్తే దాని లోపల గులాబీ. ఖబూరాలో ఒక పెద్దమనిషి ఇంటికి మమ్మల్ని పిలిచినప్పుడు, లేచి వచ్చేముందు చేతుల్లో పన్నీరు చల్లారు. కొండల మీద గులాబీలు కట్టెల మంట మీద కాచి తీస్తారట. పువ్వుతో పాటు పొగ కూడా ఉంటుంది అందులో. అచ్చంగా అదే. ఆ తర్వాత ఎండిన నేరేడు, కాస్త తోలు, ఏదో ఎండు ఆకు. ఒకటి పట్టుకునేలోపు ఇంకొకటి వస్తోంది.

మాంసం ముక్క తిని ఒక గుక్క తాగాను. వగరు ఉంది. గంట కిందట నోరు బిగించిన వగరే, కాని ఇప్పుడు అది దేన్నో మోస్తోంది. మూలుగ కొవ్వును పట్టుకుని విడదీసి, ఉల్లిపాయ తీపిని బయటికి తెచ్చి, మింగాక కూడా పోకుండా నిలిచింది. ఆ రుచి ఎప్పుడు పోతుందా అని చూస్తూ కూర్చున్నాను. అది పోలేదు. మనిషి చేసిన వస్తువు, పదేళ్లు చీకట్లో ఉండి, చేసినవాడు పోయాక, ఇంత దూరం వచ్చి, ఇసుకలో పడుకుని, ఊపించుకుని, ఇలా నోరు విప్పుతుందని నేను ఎన్నడూ అనుకోలేదు. ఏ గుడిలోనూ నాకు కలగని నిశ్శబ్దం ఆ పందిరి కింద కలిగింది.

మా ద్రాక్ష బతికి ఉంటే ఇలాగే, తారు, గులాబీ అంటారు మా ముసలివాళ్లు అని మేస్త్రి తనలో తను అనుకున్నట్టు అన్నాడు. గాలి తగలక ముందు అది ముడుచుకుని ఉందట. ఎత్తు నుంచి ధార కట్టి పోయడం, గుడ్డలో వడకట్టడం దానికి ఊపిరి పోసి ఉంటాయట. సీసాలోంచి తిన్నగా పోసి, తేటగా తాగి ఉంటే మొదటి గ్లాసుకే తేల్చేసి లేచిపోయేవాడినన్నాడు. ఊపడం మంచిదయిందని మాత్రం ఆయన అనలేదు. అడుగున ఇంకా కొంచెం గరగర ఉంది, అది నాకూ తెలుస్తూనే ఉంది.

మామకు ఒక గ్లాసు పోసి తనే చేతికిచ్చాడు. మామ అనుమానంగా తాగి, నోరు చప్పరించి, వగరు మస్తుగుంది గాని మంచిగనే ఉంది అన్నాడు. సాయిబుకి ఇవ్వడానికి ఏమీ లేక, మేస్త్రి లేచి వెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. సాయిబు ఇబ్బందిపడి, గిన్నె అడుగున ఇంకా ఉంది తినమన్నాడు. మేస్త్రి మళ్లీ కూర్చుని నిజంగానే గిన్నె అడుగు దాకా తిన్నాడు. ఒక ముద్ద, ఒక గుక్క. కొండలు నల్లబడేదాకా జగ్గులో మిగిలింది అలా పొదుపుగా తాగాడు. చివరి గుక్క నోట్లో ఉంచుకుని చాలాసేపు మింగలేదు.

మర్నాడు జీపులో మత్రా వెళ్లాం. టెలిగ్రాఫ్ ఆఫీసులో జనం ఉన్నారు. వాక్యం నేను ఇంగ్లీషులో రాసిచ్చాను: సంతకం పెట్టను, చలికాలం తీగలు కత్తిరించే వేళకు ఇంటికి వస్తున్నాను. ఆయన దాన్ని చదవలేక, అలా అక్షరాల మీద వేలు జరుపుతూ నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.

మా వంతు వచ్చేదాకా బయట గోడ నీడన నిలబడ్డాం. కింద రేవులో పడవల్లోంచి బస్తాలు దింపుతున్నారు. తమ్ముడు ఏమంటాడని అడిగాను.

"నమ్మడు" అన్నాడు. "సీసా ఏదీ అంటాడు. ఖాళీ అయిపోయింది. మనం తాగేశాం."

అయితే ఎలా నిరూపిస్తావన్నాను. పత్రికవాడి ప్రశ్న.

ఆయన టోపీ తీసి, నుదురు తుడుచుకుని, రేవు వైపు చూశాడు. "నిరూపించలేను. నా మాట ఒక్కటే ఉంటుంది. మా నాన్న దగ్గర కూడా అంతే ఉండేది."

లోపలి నుంచి గుమస్తా పిలిచాడు. ఆయన టోపీ పెట్టుకోకుండానే, కాగితం చేత్తో పట్టుకుని లోపలికి నడిచాడు.